దొరసానికి గాలి

పెద్దాయన నోరు విప్పితే రెండో మాటకల్లా కోత మొదలవుతుందని వీధి వీధంతా తెలుసు. మొదటి మాట ఎప్పుడూ ఒకటే, "నిజం చెబుతున్నా" అని. ఆ మాట చెవిన పడితే చాలు, సైకిలు మీద పోయేవాడు కూడా ఒక కాలు నేలకానించి ఆగిపోయేవాడు. వెనకటికి ఒకసారి కొట్టిన గాలికి తన పొట్టేలు కొమ్ములు వెనక్కి చుట్టుకుపోయాయనీ, అంతకుముందు లోకంలో ఏ పొట్టేలుకైనా కొమ్ములు గునపాల్లా తిన్నగా ఉండేవనీ ఆయన చెబుతుంటే, నవ్వనివాడు లేడు, నమ్మినవాడూ లేడు.

ఆయన కోతలు కొయ్యని సంగతి ఒక్కటే ఉండేది. అది దొరసాని సంగతి.

దొరసాని ఒక ముసలి గొర్రె. ముందు పళ్ళు ఊడిపోయాయి, ఒక చెవి నలిగిపోయింది. నడక మాత్రం ఠీవిగా, ఒక్కో అడుగూ ఆలోచించి వేసినట్టు ఉంటుంది. అది పుట్టుకతో వచ్చిన ఠీవి కాదు. కొన్నేళ్ళ కిందట నీలినాలుక జబ్బు వచ్చిపడినప్పుడు గిట్టలు వాచి, ఆ నొప్పితో అలా నడవడం అలవాటైంది. ఆ జబ్బుకు గొర్రె మూతి ఉబ్బుతుంది, నాలుక నేరేడుపండులా నీలంగా మారుతుంది, మేత ముందున్నా తినలేదు. పెద్దాయన మంద మందంతా అలాగే పోయింది. దొరసానిని మాత్రం ఆయన వదిలిపెట్టలేదు. తలను ఒళ్ళో పెట్టుకుని చెంచాతో గంజి పోశాడు. అది మింగితే ఆయన మింగినట్టు, అది కక్కితే ఆయన కక్కినట్టు ఉండేదని ఇల్లాలు ఇప్పటికీ అంటుంది.

ఆ జబ్బును మోసుకొచ్చేది గాలి కాదు, నీళ్ళు కాదు. ఒక చిన్న పురుగు. దోమ అందామంటే దోమంత ఉండదు. నుసి అందామంటే నుసి కుట్టదు. ఇంట్లో అందరూ దాన్ని నుసిదోమ అనేవారు. అది జబ్బు గొర్రెను కుట్టి, ఆ నోటితోనే మంచి గొర్రెను కుడుతుంది. అంతే దాని వ్యాపారం. ఆ ఏడు పశువుల ఆఫీసువాళ్ళు షెడ్డు చూరుకు ఒక దీపపుబోను వేలాడదీసే ఉంచారు. పైన లైటు, లైటు కింద చిన్న ఫ్యాను, ఫ్యాను కింద సీసా. వెలుతురుకు వచ్చిన పురుగును ఫ్యాను కిందికి లాగి సీసాలో పడేస్తుంది. ఆ సీసాలో నుసిదోమలు లేవు. "సీసా ఖాళీగా ఉంది, ఏం భయం లేదు, మేపుకోండి" అన్నారు. మేపుకున్నాడు. వారం తిరగకుండా మంద కూలబడింది.

ఆ సీసా ఎందుకు ఖాళీగా ఉందన్నది అప్పటినుంచీ ఆయన కూతురి గుండెలో ముల్లులా ఉండిపోయింది. చదువు ముగించి పశువులను కుట్టే పురుగుల మీద పనిచేసే ఉద్యోగంలోనే చేరింది. వీధిలోవాళ్ళు ఆమెకు దోమల డాక్టరమ్మ అని పేరు పెట్టారు. ఆమె అనుమానం ఇదీ: దీపం చీకటి పడ్డాకే పనిచేస్తుంది. నుసిదోమ మాత్రం పొద్దు పూర్తిగా కుంకక ముందే భోజనానికి కూర్చుంటుంది. వెలుతురుండగా దీపాన్ని ఎవరు చూస్తారు? అనుమానమైతే ఉంది గాని రుజువు చెయ్యాలిగా. అందుకే పై ఆఫీసరును ఒప్పించి, ఈ కార్తె దాటేలోగా మూడు రకాల బోనులను పక్కపక్కన పెట్టి పోల్చి చూడడానికి సొంత ఇంటికే సామాను మోసుకొచ్చింది. దీపపుబోను ఒకటి. జిగురు పూసిన అట్ట ఒకటి. మూడోది వలగుడారం. దాన్లో ఒక గొర్రెను నిలబెడతారు. వల అంచులు నేలకు జానెడు ఎత్తున ఉంటాయి, ఆ సందులోంచి పురుగులు లోపలికి దూరతాయి. కాసేపయ్యాక తాడు లాగితే వల నేలకు దిగుతుంది. అప్పుడు లోపలికి వెళ్ళి గొర్రె మీద వాలినవాటిని గాజు గొట్టంతో నోటితో పీల్చి పట్టుకోవాలి. గొట్టం మధ్యలో సన్నటి జాలీ ఉంటుంది, పురుగు నోట్లోకి రాదు.

"నిన్ను ఇంత చదివించింది దోమల్ని చుట్టలా పీల్చడానికా తల్లీ" అన్నాడు పెద్దాయన మొదటి రోజున.

"చుట్ట కంటే మంచిదే నాన్నా. దగ్గు రాదు."

"జాలీ చిరిగితే?"

"ఆ పూటకి కూర తగ్గించమంటాను అమ్మని."

గుడారంలో నిలబెట్టడానికి ఆమె దొరసానినే ఎంచుకుంది. అది ఊరికే తీసుకున్న నిర్ణయం కాదు. రక్తం తీసి పరీక్ష చేయించింది. ఒకసారి జబ్బు తట్టుకున్న గొర్రె కాబట్టి ఈ చుట్టుపక్కల తిరిగే రకం జబ్బు దాన్ని మళ్ళీ ఏమీ చెయ్యదు. అదీగాక గుడారంలో బెదరకుండా నిలబడే గొర్రె ఇంకోటి లేదు. పెద్దాయన అంతా విన్నాడు, తల ఊపాడు. తల ఊపడం మెడ పని. లోపల గుండెకు ఆ కబురు అందలేదు.

ప్రతి సాయంత్రం ఒకే తంతు. షెడ్డు వెనక గోడ పక్కన ఒకటి, నీళ్ళతొట్టి దగ్గర ఒకటి, కంచె మూల ఒకటి పెట్టేది కూతురు. మర్నాడు వాటి చోట్లు మార్చేది.

"కుర్చీలాట ఆడిస్తున్నావా వాటిచేత" అనేవాడు పెద్దాయన.

"తొట్టి దగ్గర పురుగులెక్కువ కదా. రోజూ దీపాన్నే అక్కడ పెడితే అది గెలిచినట్టా, చోటు గెలిచినట్టా అన్నది తేలదు."

అన్నీ పెట్టేశాక అందరినీ ఇంట్లోకి తోలేది. మనిషి ఊపిరికి కూడా ఈ పురుగులు వస్తాయట. గుడారం దగ్గర ఎవరైనా నిలబడితే లెక్క తప్పుతుంది. తను కూడా వంటింట్లో గోడ గడియారం చూస్తూ కూర్చునేది.

ఆ కూర్చునే వేళలోనే పెద్దాయనకు కాళ్ళు నిలవలేదు. మొదటి సాయంత్రం షెడ్డు గోడ చాటునుంచి తొంగి చూశాడు. దొరసాని ఒక్కతే వల లోపల నిలబడి ఉంది. చర్మం జలజలమని అదురుతోంది. ఒక కాలెత్తి నేలను తన్నుతోంది. బాగున్న చెవీ నలిగిన చెవీ రెండూ ఆడిస్తోంది. ఆయన్ని చూసి అరవలేదు కూడా. ఊరికే చూసింది. అరిచినా బాగుండుననిపించింది ఆయనకు.

రెండో సాయంత్రం వంటింటి అరలోంచి ఇల్లాలి చిన్న ఛార్జింగు ఫ్యాను మాయమైంది.

పెద్దాయన దాన్ని కండువాలో చుట్టి తీసుకెళ్ళి, వల అంచు కిందనుంచి లోపలికి నెట్టి, గాలి దొరసాని పొట్ట మీదికి వచ్చేలా తిప్పి, ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు చేతులు కడుక్కున్నాడు. కూతురు తాడు లాగడానికి లేవబోయే ముందు, "షెడ్డు తలుపు వేశానో లేదో" అంటూ తను ముందు వెళ్ళి ఫ్యాను తెచ్చేసుకునేవాడు. ఇందులో మోసమేమీ ఉందనుకోలేదు ఆయన. కాస్త గాలి తగిలితే ముసలిదానికి సుఖంగా ఉంటుంది. ఓ గుప్పెడు పురుగులు తగ్గితే ఏం కొంప మునిగింది? లోకంలో పురుగులకేం కరువు? పూటపూటకూ అదే పని చేశాడు. గుడారం చోటు మారితే ఫ్యానూ చోటు మారేది.

పొద్దున పూట భోజనాల బల్ల మీద సూక్ష్మదర్శిని వెలిసేది. ఒక పక్క టిఫిను పళ్ళేలు, ఒక పక్క పురుగుల సీసాలు. ఇల్లాలు ఉప్పు డబ్బాను భద్రంగా దూరం జరిపేది.

"ఇవాళ ఎన్నే?" అని అడిగేది ఆవిడ.

"దీపంలో తెల్లవార్లూ కలిపి చాలా పడ్డాయమ్మా. జిగురట్టకి మామూలుగా అంటుకున్నాయి. దొరసాని మీద మాత్రం..." అని కూతురు మాట మింగేసేది. "మొదటి రోజు ఏవో ఉన్నాయి గాని, ఆ తర్వాత చేతివేళ్ళు చాలు లెక్కపెట్టడానికి. ఏమిటో అర్థం కావట్లేదు. ముసలిదైపోయి దాని వాసన తగ్గిందేమో."

"దొరసాని వాసనా?" పెద్దాయన రోషంగా అన్నాడు. "వర్షంలో తడిసిందంటే పక్క వీధివాళ్ళు కిటికీలు మూసుకుంటారు. దాని వాసనకేం తక్కువ."

"మీ వాసనతో పోటీ పడలేక మానుకుందేమో లెండి" అంది ఇల్లాలు. "అది సరే, నా చిన్న ఫ్యాను చూశారా ఎవరైనా? సాయంత్రమయ్యేసరికి కనబడదు, రాత్రికి మళ్ళీ అరలో ఉంటుంది."

"దానికి మాత్రం షికారుండదా" అన్నాడు పెద్దాయన. "నిజం చెబుతున్నా. మా నాన్న హయాంలో ఒక విసనకర్ర ఉండేది. తనంతట తనే వీధి చివరిదాకా వెళ్ళి చల్లగాలి పట్టుకొచ్చేది."

కూతురు నవ్వింది గాని ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. కొన్నాళ్ళుగా ఆమె నవ్వులన్నీ అలాగే పెదాల దగ్గరే ఆగిపోతున్నాయి. ఫోనులో పై ఆఫీసరుతో మాట్లాడుతుంటే గుమ్మం దగ్గర పెద్దాయన విన్నాడు. "అవును సార్. దీపమే మేలనిపిస్తోంది సార్. ఇంకొన్ని సాయంత్రాలు చూసి రాసిచ్చేస్తాను. అన్ని ఊళ్ళకూ దీపాలే ఉంచుకోవచ్చు." ఫోను పెట్టేసి ఖాళీ సీసా ఒకటి చేతిలోకి తీసుకుంది. 

"దీపం మేలైతే మంచిదేగా తల్లీ. గొర్రెలకి కుట్టించుకునే బాధ తప్పుతుంది" అన్నాడు.

"మంచిదే. నిజమైతే మంచిదే." ఆమె సీసా మూత తిప్పుతూ అంది. "మరి ఆ ఏడు సీసా ఎందుకు ఖాళీగా ఉంది నాన్నా? మన మంద ఎలా పోయింది? నేననుకున్నది తప్పని తేలితే నాకు బాధ లేదు. తప్పు కాకపోతేనే భయం. నేను దీపం చాలని రాసిస్తాను. ఎక్కడో ఎవరో సీసా ఖాళీగా ఉందని గొర్రెల్ని మేతకి తోలుకుపోతారు."

పెద్దాయన దొడ్డి వైపు వెళ్ళాడు. అప్పటికీ ఫ్యాను సంగతి ఆయన బుర్రకు తట్టలేదు.

తట్టింది మరుసటి సాయంత్రం. గాలి కాస్త లేచింది. పెద్ద గాలేం కాదు, ఆరేసిన చీర కొంగు ఊగేంత. కూతురు సామాను బయటికి తీయబోయి, వేలు తడిచేసి గాల్లో పెట్టి చూసి, మళ్ళీ లోపల పెట్టేసింది.

"అదేమిటి, ఇవాళ సెలవా?" అన్నాడు పెద్దాయన.

"గాలుంది నాన్నా. ఇవాళ పెట్టినా లెక్కలోకి రాదు. ఈ పురుగులు వట్టి బక్కప్రాణాలు. మనం గట్టిగా ఊదితే కూడా ఎదురెగరలేవు. గాలుంటే గొర్రె దాకా రాలేవు."

పెద్దాయన చేతిలో దొరసాని మెడతాడు ఉంది. అది జారి కింద పడింది. వంగి తీసుకోవడానికి కూడా గుర్తు రాలేదు ఆయనకు. కళ్ళ ముందు ఆ చిన్న ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఇన్ని సాయంత్రాలు. అమ్మాయి కళ్ళు పొడుచుకుని సూక్ష్మదర్శినిలో వెతికింది తను ఊదేసిన వాటికోసమా?

ఊరుకోవచ్చు. రేపటినుంచీ ఫ్యాను తీసుకెళ్ళకుండా ఊరుకోవచ్చు, ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చిన మాట నిజమే. కాని ఇన్ని రోజులుగా ఖాళీగా ఉన్న గొర్రె మీద ఉన్నట్టుండి పురుగులు ముసిరితే అమ్మాయి ఏమని రాసుకుంటుంది? ఒకరోజు లేదు, ఒకరోజు ఉంది అంటే ఏ ఆఫీసరు నమ్ముతాడు?

వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. తల్లీకూతుళ్ళు బఠాణీకాయలు వలుస్తున్నారు.

"నిజం చెబుతున్నా" అన్నాడు అలవాటుగా.

ఇద్దరూ తలెత్తకుండానే నవ్వడానికి సిద్ధమయ్యారు.

"దొరసానికి రోజూ ఫ్యాను పెడుతున్నాను. గుడారంలో."

"ఫ్యానే?" అంది కూతురు. "ఏసీ పెట్టించకపోయావా నాన్నా. పరుపు కూడా వేస్తే పడుకునేది."

"లేదమ్మా, నిజంగా."

"నిజంగానే అంటున్నాగా. కాళ్ళు పట్టడానికి ఎవరినైనా కుదిర్చావా మరి?"

పెద్దాయన నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. ఇంతకాలం ఏ కోత కోసినా రాని ఇబ్బంది ఇవాళ ఒక్క నిజానికి వచ్చింది. మాట దొరకలేదు. ఆ దొరకకపోవడమే ఇల్లాలికి అనుమానం తెప్పించింది. ఈయన నోట మాట తడుముకోవడం పెళ్ళయిన నాటినుంచీ ఆవిడ చూడలేదు. బఠాణీల గిన్నె పక్కన పెట్టి లేచి, అరలోంచి ఫ్యాను తీసి, వెలుతురులో పెట్టి, జాలీ వెనక వేలు దూర్చింది. ఒక పోగు బయటికొచ్చింది. మాసిన తెల్ల ఉన్ని.

"అందుకా ఇది గొర్రె కంపు కొడుతోంది" అంది ఆవిడ. "నేను నా చీరదేమో అనుకుని ఇన్నాళ్ళూ ఉతికిందే ఉతుకుతున్నాను."

కూతురు ఆ పోగును అందుకుని చూసింది. ఫ్యానును చూసింది. నాన్నను చూసింది. ముఖంలో ముందు ఏమీ లేదు. తర్వాత ఎర్రబడింది.

"అన్ని రోజులూనా?"

"మొదటి రోజు లేదు."

"ఎందుకు నాన్నా?"

"అది కాలు నేలకేసి కొట్టుకుంటోంది తల్లీ" అన్నాడు. "చూడలేకపోయాను."

ఆమె లేచి వాకిట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపు రాలేదు. ఇల్లాలు వెళ్ళబోతే ఆయన వద్దన్నాడు. తిడితే పడదామని కూర్చున్నాడు. తిట్టకపోవడమే కష్టంగా ఉంది. చివరికి కూతురు వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుని, ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఫోను చేశాను. మొదటినుంచీ మళ్ళీ చేస్తామని చెప్పాను. ఆఫీసరు విసుక్కున్నాడు, ఎందుకని అడిగితే ఉన్నది చెప్పాను. నవ్వాడు. చలి మొదలయ్యేలోగా అయిపోతే సరే, లేకపోతే దీపమే అన్నాడు."

"నా మీద కోపం లేదా?"

"ఉంది. బోలెడంత ఉంది. రేపు పడతాను." అని ఆగి, "గాలుంటే ఈ పురుగులు రావన్నది పుస్తకాల్లో ఎప్పుడో రాసిపెట్టారు నాన్నా. గొర్రెలకి ఫ్యాన్లు పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. జబ్బు కాలంలో మనం కూడా పెడదాం. కాని ముందు జబ్బు వస్తోందని తెలియాలిగా. అది తెలియాలంటే ఎవరో ఒకరు కాసేపు కుట్టించుకోవాలి" అంది.

గాలి ఆగిన సాయంత్రం మళ్ళీ మొదలుపెట్టారు. గుడారం నీళ్ళతొట్టి దగ్గర పడింది. దొరసానిని తనే నడిపించుకుని వెళ్ళాడు పెద్దాయన. లోపల నిలబెట్టి, మెడ కింద గోకి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాడు.

వంటింటి గుమ్మంలో కూర్చుంటే ఇల్లాలు ఒళ్ళో బఠాణీకాయలు పోసింది. "చేతులకేదైనా పని ఉండాలి" అంది. ఆయన వలిచాడు. గింజలు తొక్కల కుప్పలో వేసి, తొక్కలు గిన్నెలో వేశాడు. ఆవిడ చూసి గిన్నెను తన వైపు జరుపుకుంది.

అప్పుడు దొరసాని అరిచింది.

ఎప్పుడూ గుడారంలో అరవని గొర్రె. ఇన్నాళ్ళూ గాలి వచ్చే వేళకు అది కూడా అలవాటు పడిందేమో. ఒకసారి అరిచి ఊరుకుంది. మళ్ళీ అరిచింది, ఈసారి పొడుగ్గా, పిలిచినట్టు. పెద్దాయన లేవబోయాడు. ఎవరూ ఆపలేదు. కూతురు గడియారం వైపు చూస్తోంది గాని చెవులు రెండూ నాన్న మీదే ఉన్నాయి. ఆయన సగం లేచి, గుమ్మం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఒళ్ళోని కాయలన్నీ నేల మీద పడ్డాయి. దొరసాని ఇంకోసారి పిలిచింది. ఆయన మళ్ళీ కూర్చున్నాడు. కిందపడిన కాయలు ఒక్కొక్కటే ఏరుకోసాగాడు. ఏరినవే మళ్ళీ ఏరాడు. ఇల్లాలు వచ్చి పక్కన ఇరుక్కుని కూర్చుంది. ఇద్దరికి సరిపోయే గుమ్మం కాదది.

"ఇక రావచ్చు నాన్నా" అంది కూతురు, గొట్టం తీసుకుని.

తాడు ఆమె లాగింది. వల దిగింది. లోపలికి ముందు ఆమె, వెనక ఆయన దూరారు. దొరసాని పొట్ట కింద, ఉన్ని పలచబడిన చోట, ఎవరో మిరియాల పొడి చల్లినట్టుంది. ఆ పొడి కదులుతోంది.

"ఇన్నా?" అన్నాడు పెద్దాయన గొంతు తగ్గించి.

కూతురు గొట్టం నోట్లో పెట్టుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో చోటా పీలుస్తూ, సీసా నిండితే మార్చి ఇంకో సీసా పెడుతూ పోయింది. ఆయన దొరసాని ముఖాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, నుదురు నుదురుకు ఆనించి నిలబడ్డాడు. పురుగులు ఆయన చేతుల్ని కూడా కుట్టాయి. దులపలేదు.

పని ముగిశాక కూతురు గబగబా కంచె మూలకు వెళ్ళి దీపపుబోను సీసా ఎత్తి చూసింది. ఆకాశంలో ఇంకా వెలుతురుంది. లైటు వెలుగుతోంది గాని వెలుగుతున్నట్టే తెలియడం లేదు. సీసాలో ఒక రెక్కల పురుగు, అదీ ఇంకేదో జాతిది.

"చూడు నాన్నా" అంది. "భోజనాలు అయిపోయాయి. ఇది ఇంకా నిద్ర లేవలేదు."

ఆయన ఖాళీ సీసాను చేతిలోకి తీసుకుని చూశాడు. ఇలాంటిదే ఒక సీసాను ఆ ఏడు కూడా ఇలాగే పట్టుకుని చూశాడు. తిరిగి ఇచ్చేశాడు.

"ఒక్క సాయంత్రంతో ఏదీ తేలదు" అంది కూతురు. "చలి వచ్చేదాకా ఇలాగే చెయ్యాలి. నీకు కష్టమైతే ఇంకో గొర్రెను ఎక్కడైనా అడిగి తెస్తాను."

"ఆ గొర్రెకి జబ్బు రాదని చెప్పగలవా?"

"చెప్పలేను."

"అయితే ఇంకేం. ఇదే నిలబడుతుంది." ఆయన కండువాను తొట్టిలో ముంచి పిండి, దొరసాని పొట్ట మీద మెల్లగా అద్దాడు. అది సుఖంగా ఒక నిట్టూర్పు విడిచి, ఆయన చొక్కా మీద తుమ్మింది. "నేను వంటింట్లో కూర్చుంటాను. మీ అమ్మ నన్ను కాయలకేసి కట్టేస్తుంది."

"కట్టేస్తుంది" అని ఒప్పుకుంది కూతురు.

ముగ్గురూ షెడ్డు వైపు బయల్దేరారు, ముసలిదానికి ఆ పక్కన ఒకరు, ఈ పక్కన ఒకరు. అది తన ఠీవిలో తను, ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తోంది. చేతిలో సీసాలు, ముందు బోలెడు పని ఉన్నా, కూతురు దాన్ని తొందర పెట్టలేదు.